డొల్ల పీత

నా ప్రేమ అక్కర్లేని జంతువేదైనా ఉంటే బాగుండుననిపించింది ఆ అక్టోబరులో. లినెట్ పోయి ఏడాదిన్నర అయింది. ఊళ్ళో వాళ్ళంతా కూడబలుక్కున్నట్టు నన్ను కుక్కను పెంచుకోమనడం మొదలుపెట్టారు. చర్చివాళ్ళు చెప్పారు, డాక్టరు చెప్పాడు, చివరికి పోస్టాఫీసులో స్టాంపులు అంటించే అమ్మాయి కూడా చెప్పింది. భార్య పోయిన మగవాణ్ణి చూడగానే ఈ జనానికి కుక్కే ఎందుకు గుర్తొస్తుందో నాకు తెలియదు. తోక ఊపేదాని మూతిని ఒళ్ళో పెట్టుకుని కన్నీళ్ళు తుడుచుకుంటాననుకున్నారు కాబోలు. ఒక శనివారం పొద్దున డెల్వీన్ నడిపే పెంపుడు జంతువుల కొట్టుకు వెళ్ళి, సాలీడును కొనుక్కుని వచ్చాను.

అరచేయంత ఉంటుంది. మా క్వీన్స్‌లాండ్ మట్టిలో పుట్టిన జాతే. విసిగిస్తే ఈలలాంటి బుస కొడుతుంది కనుక ఈల సాలీడంటారు.

"మీరు బతికున్నా పోయినా దీనికి ఒకటే మాస్టారూ" అంది డెల్వీన్, గాజుపెట్టెను నా చేతికిస్తూ. ఒకప్పుడు నా తరగతిలో చదివిన పిల్ల. మొహమాటం లేని మనిషి.

ఆ ఒక్క మాటకే కొన్నాను.

అదే వారంలో లినెట్ వాళ్ళ అన్నయ్య మెర్విన్ కూడా వచ్చి దిగాడు. తుంటి ఎముక మార్పించుకున్నాడు. నదీముఖం దగ్గర ఉన్న అతని ఇల్లు స్తంభాల మీద ఉంటుంది, పద్నాలుగు మెట్లు ఎక్కాలి. రెండు వారాల్లో వెళ్ళిపోతానన్నాడు. నలభై ఏళ్ళు చక్కెర మిల్లులో యంత్రాలు బిగించి, సెలవు దొరికిన ప్రతిరోజూ మడ అడవుల్లో పీతలు పట్టిన మనిషి. పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. సూప్ తాగితే పక్కింటికి వినబడుతుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా రేడియోలో గుర్రప్పందాలు వింటూ, కట్టని పందేలు ఓడిపోయినందుకు విచారిస్తూ ఉండేవాడు.

నా సాలీడును చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేంటి మాస్టారూ, నీకు మతిగానీ పోయిందా?"

"నిన్నేమీ చెయ్యదులే."

"చెరకు తోటల్లో పాముల మీదినుంచి దాటుకుంటూ పోయినవాణ్ణి నేను. పాముకు మొహం ఉంటుంది. దీనికి మొహం ఏదీ?"

గాజుపెట్టెను లాండ్రీ గదిలో పెట్టాను. ఆ రోజునుంచి మెర్విన్ ఆ గది గుమ్మం దాటలేదు. ఉతకాల్సిన బట్టల్ని గుమ్మంలోంచే బుట్టలోకి విసిరేవాడు. సగం బుట్టలో పడేవి, సగం నేల మీద. బతుకంతా మొరటుతనంతో గడిపినవాడికి చివరికి ఇంత పిరికితనం మిగిలిందా అనుకుని లోలోపల నవ్వుకునేవాణ్ణి. నవ్వడం తప్పని తెలుసు. అయినా నవ్వాను.

సాలీడు కొబ్బరిపొట్టు కలిపిన మట్టిలో కలుగు తవ్వుకుంది. వారానికో బొద్దింకను వేస్తే ఒక్క ఉదుటున వచ్చి పట్టుకుపోయేది. మిగతా వేళల్లో కలుగు అంచున రెండు కాళ్ళు బయటపెట్టి కూర్చునేది. నేను ముప్పై ఒక్కేళ్ళు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి. దాని పక్కన ఒక నోటుబుక్కు పెట్టి, రోజుకు మూడుసార్లు పెట్టెలో వేడి ఎంత, తేమ ఎంత అని రాయడం మొదలుపెట్టాను.

నవంబరు తొమ్మిదో తేదీన సాలీడు తన కలుగును మూసేసింది. మట్టినీ పట్టుదారాన్నీ కలిపి, సీసాకు బిరడా బిగించినట్టు. ముందు వేసిన బొద్దింక పెట్టెలో అనాథగా తిరుగుతోంది. దాన్ని తీసేసి, ఆ సంగతీ నోటుబుక్కులో రాశాను.

వారం గడిచింది. రెండో వారమూ గడిచింది.

ఫోనులో సాలీళ్ళ పెంపకందార్ల గుంపు ఒకటుంది. నాలుగు వేలమంది సభ్యులు. నా సంగతి అందులో రాశాను. సాయంత్రానికల్లా అరవై జవాబులొచ్చాయి. తేమ ఎక్కువైంది అన్నారు కొందరు. తక్కువైంది అన్నారు ఇంకొందరు. వేడి దీపం పెట్టమని ఒకాయన, వేడి దీపం పెట్టినవాడు హంతకుడని ఇంకొకాయన. ఆ ఇద్దరూ తర్వాత మూడు రోజులు ఒకరినొకరు తిట్టుకున్నారు, నా సాలీడును మర్చిపోయి. గ్రాంట్ అనే పెద్దమనిషి తన పేరు కింద 'ముప్పై ఏళ్ళ అనుభవం' అని రాసుకుంటాడు. ఆయన ఏ ప్రశ్నకైనా ముందు 'మీలాంటి కొత్తవాళ్ళ వల్లే' అని మొదలుపెడతాడు. ఆ నాలుగు వేలమందిలో 'నాకు తెలియదు' అన్న రెండు ముక్కలు రాయడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. నా తరగతిలో ఉంటే అందర్నీ బెంచీ ఎక్కించేవాణ్ణి.

అయినా వాళ్ళు రాసినవన్నీ చదివేవాణ్ణి. రోజూ. అసహ్యించుకుంటూనే. అదేం జబ్బో.

డెల్వీన్‌కు ఫోను చేశాను.

"మూసుకుందంటే లోపల ఏదో పనుందన్నమాట. కుబుసం విడుస్తుందేమో. మీరు తవ్వకండి మాస్టారూ" అంది.

"ఎన్నాళ్ళు?"

"దానికెంత కాలం పడితే అంత."

అది జవాబా? పరీక్షలో అలా రాసుంటే సున్నా వేసేవాణ్ణి. గతంలో వేశాను కూడా అనుకుంటాను.

డిసెంబరు వచ్చింది, మాకది ఎండాకాలం. వానలు ముఖం చాటేశాయి. మామిడిపళ్ళు మాత్రం విరగకాశాయి. రెండు వారాలుంటానన్న మెర్విన్ ఎనిమిదో వారంలో ఉన్నాడు. మధ్యాహ్నాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గడ్డకట్టిన బఠాణీల సంచి తుంటికి ఆనించుకుని, నేను లాండ్రీ గదికీ బల్లకూ మధ్య తిరగడం చూస్తుండేవాడు.

"ఎంతుందివాళ?" అనేవాడు.

"తేమ డెబ్బై రెండు."

"నిన్నో?"

"డెబ్బై ఒకటి."

"అబ్బో. గొప్ప మార్పే." మామిడిపండు చీకుతూ అనేవాడు. "మా లినెట్‌కి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇలాగే బుక్కు పెట్టావా?"

పెట్టాను. ఆమె చివరి నాలుగు నెలలూ రాసిన బుక్కు నా బీరువాలో ఉంది. ఆ మాట అతనికి చెప్పలేదు. అతనికీ ఏదో తట్టిందేమో, చెంప మీది రసం తుడుచుకుని, పళ్ళెంలో మిగిలిన ఒక్క పండునూ నావైపు నెట్టాడు. మొరటు చేతుల్లోంచి కూడా అప్పుడప్పుడు అలాంటిది జారిపడుతుంది. అప్పుడు నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

జనవరిలో ఎండ ముప్పై ఎనిమిదికి చేరింది. కలుగు మూసుకుని పదకొండో వారం. పెట్టెకు ముక్కు ఆనించి వాసన చూసేవాణ్ణి. చచ్చిన సాలీడు కుళ్ళిన వాసన వేస్తుందని గుంపులో చదివాను. గాజుకు చెవి ఆనించేవాణ్ణి. ఆవలివైపునుంచి ఏ శబ్దమూ లేదు. పశువుల ఆసుపత్రికి ఫోను చేస్తే ఎత్తినావిడ, మేము కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తామండీ, మీదానికి ఎన్ని కాళ్ళు, అంది. ఎనిమిదన్నాను. నవ్వలేదు. అది ఆమె మంచితనం.

గ్రాంట్ మాత్రం ఆ సాయంత్రం తీర్పు చెప్పేశాడు. 'పది వారాలు దాటిందంటే చచ్చినట్టే. మీలాంటి కొత్తవాళ్ళ వల్లే.' ఆయన మాటకు పూచిక పుల్ల విలువ ఇవ్వనని ఎన్నోసార్లు అనుకున్నవాణ్ణి. తెల్లారి లేచి, కాఫీ కూడా తాగకుండా, ఐస్‌క్రీమ్ తీసే చెంచా పట్టుకుని లాండ్రీ గదిలోకి వెళ్ళాను.

బల్ల మీద దినపత్రిక పరిచి, పెట్టెను దాని మీద పెట్టి, బిరడాను ఒలిచాను. కింద మట్టి మెత్తగా ఉంది. చెంచా ఇంకాస్త దించాను. ఉన్నట్టుండి కలుగు పైకప్పు కుంగింది. పట్టుదారం చిరిగిన చోటునుంచి సాలీడు పక్కకు దొర్లి బయటపడింది. కాళ్ళన్నీ పొట్టకిందికి ముడుచుకుని ఉంది.

కాళ్ళు ముడుచుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. గుంపులో అందరూ ఒప్పుకునేది ఆ ఒక్క విషయమే. కుబుసం విడిచే సాలీడు వెల్లకిలా పడుకుని కాళ్ళు చాపుతుంది. చచ్చేది ముడుచుకుంటుంది. గడ్డిపరకతో ఒక కాలును తాకాను. కదల్లేదు. ఇంకోసారి తాకాను. చాలాసేపటికి కాలికొన కొంచెం వణికింది.

అంటే చావలేదు. చస్తోంది.

అలాంటి సాలీడును బాధపడనివ్వకుండా ఫ్రీజరులో పెట్టాలని గుంపులో రాసుంది. దయ అంటే అదేనట. ప్లాస్టిక్ డబ్బాలో మెత్తటి కాగితం పరిచి, దాన్ని చెంచాతోనే ఎత్తి అందులో పెట్టాను. కాగితం అంచుల్ని దాని చుట్టూ దుప్పటిలా సర్దాను. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, పురుగు కోసం. నా మొహం అద్దంలో చూసుకుని ఉంటే ఉమ్మేసేవాణ్ణి.

వంటింట్లో ఫ్రీజరు తలుపు తెరిచేసరికి మెర్విన్ చేతికర్ర టకటకలాడింది.

"ఆ అర నా బఠాణీలది మాస్టారూ. ఏం పెడుతున్నావు అందులో?"

"చచ్చిపోతోంది" అన్నాను.

"ఎవరు?"

డబ్బా చూపించాను. గోడకు ఆనుకున్నాడు. దగ్గరికి రాలేదు. మెడ మాత్రం చాపాడు.

"పక్కకు తిప్పు. అటు కాదు, కిటికీ వైపు. వెలుగు పడనీ."

తిప్పాను.

"తలకీ కాళ్ళకీ మధ్య అతుకు చూడు. విచ్చుకుందా?"

కళ్ళజోడు సవరించుకుని చూశాను. తలచిప్ప అంచు వెంట, జుట్టులాంటి నూగు కింద, సన్నటి తెల్లని గీత ఉంది.

"విచ్చుకుంది."

"అయితే దానిది చావు కాదు, పురుడు. తనను తానే కంటోంది. గుల్ల మారుస్తోంది." కుర్చీలో కూలబడ్డాడు. "ఆ తలుపు ముయ్యి, నా బఠాణీలు కరిగిపోతున్నాయి."

"కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి కదా?"

"పడుకున్నవాణ్ణి మంచం మీదినుంచి కిందికి దొర్లిస్తే నువ్వైనా ముడుచుకుంటావు. కాళ్ళు చూడకూడదయ్యా, అతుకు చూడాలి. నలభై ఏళ్ళు పీతల వీపులు చూసినవాణ్ణి. గుల్ల మార్చే ముందు పీత తిండి మానేస్తుంది. బురదలో దూరి మీద మట్టి పూసుకుంటుంది. వారాలు. గుల్ల మార్చాక కూడా రెండు వారాలు డొల్ల పీతే. పైకి ఇంత ఉంటుంది, లోపల నీళ్ళే. బుట్టలో పడితే తిరిగి నీళ్ళలోకి వేసేస్తాం. అది కలుగు మూసిన రోజే అనుకున్నాను ఇదేనని."

"నవంబరులోనే?"

"మరి?"

"నాకెందుకు చెప్పలేదు?"

మెర్విన్ నావైపు తిరిగాడు. అతని చూపులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు నన్ను అడగలేదు కదా. బుక్కును అడిగావు."

ఫ్రీజరు తలుపు మూశాను.

డబ్బాను లాండ్రీ గది బల్ల మీద పెట్టి, పక్కన తడిగుడ్డ ఉంచి, ఫ్యాను ఆపేశాను. పదిగంటలకు తలచిప్ప మూతలా లేచింది. దాని కింద ఇంకో సాలీడు, పాలిపోయి, తడిగా, కొత్తగా. గుంపులో ఎవరికీ ఏమీ రాయలేదు. నోటుబుక్కు కూడా తెరవలేదు. మెర్విన్ ఒక కుర్చీని గుమ్మం అవతల వేసుకుని కూర్చున్నాడు. రేడియో తెచ్చుకోలేదు. తేవొద్దని నేను చెప్పలేదు.

ఒక్కో కాలునూ తొడుగులోంచి వేలు లాగినట్టు లాగుతోంది. ఒక ఊపు, తర్వాత చాలాసేపు విశ్రాంతి. మళ్ళీ ఒక ఊపు. రెండుగంటలకు ఏడు కాళ్ళు బయటికి వచ్చాయి. ఎడమవైపు వెనక కాలు మాత్రం మోకాలి దగ్గర ఆగిపోయింది. నేను దొర్లించినప్పుడు మడతపడ్డ కాలు అది. సాలీడు లాగింది. ఆగింది. లాగింది. ఆ తర్వాత లాగడం మానేసింది.

"ఆగిపోయిందా?" అన్నాడు మెర్విన్ గుమ్మంలోంచి.

"ఒక కాలు ఇరుక్కుంది."

"ఆరిపోతే గుల్ల బిగుస్తుంది. అప్పుడు కాలే కాదు, మొత్తం పోతుంది. తడిపి జరపాలి."

లినెట్ బొమ్మలేసుకునే సన్నటి కుంచె తెచ్చి నీళ్ళలో ముంచాను. నా చెయ్యి దాని దగ్గరికి వెళ్ళేసరికి కుంచె కొన గాలిలో గిరగిరా తిరుగుతోంది. కొత్త ఒళ్ళు పాలమీగడలా ఉంది. తగిలితే చిరుగుతుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ చాపాను, మళ్ళీ తీసుకున్నాను.

వెనక చేతికర్ర చప్పుడైంది. ఒకటి. ఆగింది. రెండు. మెర్విన్ గుమ్మం దాటి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. మెడమీద చెమట ధారకట్టింది. దాన్ని చూడకుండా కిటికీ వైపు చూస్తూ చెయ్యి చాపాడు.

"ఇటివ్వు."

బొటనవేలికీ చూపుడు వేలికీ గోళ్ళు లేని చెయ్యి. పీతలు తినేశాయి వాటిని. బతికున్న పీతల డెక్కల్ని పురికొసతో బిగించి కట్టిన ఆ వేళ్ళు కుంచెను పట్టుకోగానే నిశ్చలమయ్యాయి. ఊపిరి మాత్రం ఈలలా వినబడుతోంది. సాలీడుదేమో అనుకున్నాను మొదట. మెర్విన్‌ది.

తడిపాడు. ఆగాడు. మళ్ళీ తడిపాడు. పాత తొడుగును కాలిమీంచి వెనక్కి, వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి జరిపాడు. సాలీడు ఒక్కసారి గుంజింది. తక్కిన ఒళ్ళు బయటపడింది, కాలు తొడుగులోనే మిగిలిపోయింది. మొదలంటా తెగి ఊడింది. ఒక నీటిచుక్కంత ద్రవం వచ్చి ఆగిపోయింది.

"కాలు వదిలేసింది" అన్నాడు.

"మనం చంపేశామా?"

"పీతలైతే ఇరుక్కున్న డెక్కను అవే తెంపుకుంటాయి. బతకాలనుకున్నవే అలా చేస్తాయి. మళ్ళీ మొలుస్తుంది, వచ్చే గుల్లకి." కుంచె నా చేతిలో పెట్టాడు. "ఇంక నేను బయటికి పోతాను. కక్కొస్తోంది."

నిజంగానే వెళ్ళి పెరట్లో కక్కుకున్నాడు. నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. తాగాడు. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. నా పాతికేళ్ళ పరిచయంలో ఈ మనిషిని నేను అడిగిన ప్రశ్నలు ఎన్నో లెక్క వేయబోయి మానేశాను. ఉప్పు ఇటివ్వమన్నవి తీసేస్తే ఏమీ మిగిలేట్టు లేదు.

డొల్ల పీత రెండు వారాలంటాడు మెర్విన్. ఈసారి నోటుబుక్కును కాకుండా అతన్నే అడుగుతూ వచ్చాను. నీళ్ళు పెట్టనా? పెట్టు, చిన్న మూతలో. తిండి వెయ్యనా? వద్దు, దాని కోరలు ఇంకా మెత్తగా ఉంటాయి, బొద్దింకే దాన్ని తినేస్తుంది. ఏడుకాళ్ళతో సాలీడు ఒక మూల కదలకుండా కూర్చుంది. మొదట తెల్లగా ఉన్న కోరలు ఎర్రబడ్డాయి, తర్వాత నల్లబడ్డాయి. వానలు ఎట్టకేలకు మొదలై, రేకుల మీద దబదబా పడుతున్న పదహారో రోజు మధ్యాహ్నం బొద్దింకను వేశాను. సాలీడు ఒక అడుగు తప్పుగా వేసింది, లేని కాలిని మోపబోయి తూలింది. బొద్దింక పారిపోయింది. సాలీడు తిరిగింది, ఆగింది, ఈసారి ఏడింటితోనే దూకింది.

"పట్టిందా?" గుమ్మం బయటినుంచి.

"పట్టింది."

"నమలడం వినబడుతోందా?"

"నీ అంత గట్టిగా కాదు."

"అయితే ఇంకా నీరసంగానే ఉందన్నమాట" అన్నాడు మెర్విన్.

మర్నాడు విడిచిన కుబుసాన్ని డబ్బాలో పెట్టుకుని డెల్వీన్ దగ్గరికి వెళ్ళాను. భూతద్దం కింద పెట్టి చూసింది. తవ్వానని చెప్పాను. తిట్టలేదు. సున్నాలు వేయించుకున్నవాళ్ళకు ఉండే ఓర్పు ఆ పిల్లకుంది.

"ఆడదే మాస్టారూ. మగదైతే ఇంకో ఏడాదో రెండేళ్ళో బతికేది. ఇదింకా ఇరవై ఏళ్ళు ఉంటుంది, తేలిగ్గా."

ఇంటికొచ్చి ఆ మాట మెర్విన్‌కు చెప్పాను. బల్ల దగ్గర గుర్రప్పందాలు వింటున్నాడు. డాక్టరు మెట్లెక్కవచ్చని చెప్పి వారం దాటింది. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"ఇరవయ్యా?" అన్నాడు. వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "నాకు తొంభై ఒకటి. నీకు ఎనభై ఎనిమిది."

"అప్పటికి దాన్ని ఎవరు చూస్తారో" అన్నాను.

"దాని సంగతి అది చూసుకుంటుంది. మన సంగతి చెప్పు." రేడియో గొంతు తగ్గించాడు. "నాలుగు రోజులు తలుపేసుకుని పడుకుంటే, చదువుకున్న వెధవ ఎవడో చెంచా పట్టుకుని వచ్చి తవ్వి చూడకుండా ఉంటే చాలు."

ఆ మనిషిని అడిగి తెలుసుకోవాల్సినవి నాకు ఇంకా చాలా ఉన్నాయి. ఆ వెధవ ఎవరన్నది మాత్రం వాటిలో లేదు.